చిన్నవాని హెచ్చరిక

దుబాయి నుండి వచ్చిన ఎయిర్ ఇండియా ఎక్స్‌ప్రెస్ విమానము 2010 మే 22వ తేదీ ఉదయమున మంగళూరులో రన్‌వే దాటి లోయలో పడి దగ్ధమైనది. అందలి 166 మందిలో 158 మంది మరణించిరి. పొరుగు రాష్ట్రమున జరిగిన ఆ ఘోరమును మన పాఠకులు మరచియుండరు.

విమానము ఉండవలసిన దానికంటె ఎత్తున నుండి మిక్కిలి త్వరగా దిగుచుండెను. నేల సమీపించుచున్నదని తెలుపు యంత్రము ‘పైకి లేపుము’ అని ఇంగ్లీషున పలుమార్లు హెచ్చరించినది. దిగుట మాని మరల చుట్టి రావలెనని సహపైలటు మూడుమార్లు చెప్పెను. కెప్టెను దిగుట మానలేదు.

ఇట్టి హెచ్చరిక వినబడినచో తర్కమునకు తావీయక, తక్షణమే ఇంజనుల శక్తిని పెంచి విమానమును పైకెత్తవలెనని పైలట్లకు నేర్పుదురు. మరి సహపైలటే ఆ పని ఏల చేయలేదు? అందుకు అతనికి గల అధికారమును గూర్చిన ఉత్తరువులలో స్పష్టత లేకుండుటయే కారణమై యుండవచ్చునని విచారణ సంఘము తన నివేదికలో పేర్కొన్నది.

ఇందు మనకును పాఠము గలదు. పెద్దల మాటకు ఎదురాడరాదను మర్యాద హోసూరు, కృష్ణగిరి తెలుగు కుటుంబములలో తరతరములుగా నిలిచియున్నది. అది విడువదగినది కాదు. కాని తప్పును చూచిన చిన్నవాడు నోరు విప్పుటకు జంకరాదు. విప్పిన పిమ్మట పెద్దలు ఆగి వినవలెను. ఇంటిలోనైనను, అంగడిలోనైనను, మన సంఘ సమావేశముననైనను, ‘ఆపుడు’ అనుటకు చిన్నవారికి ముందుగానే స్పష్టమైన అధికారము నీయవలెనని మేము కోరుచున్నాము. ఆపద ముంచుకొని వచ్చిన వేళ, అధికారమెవరిదని వెదకుటకు వ్యవధి యుండదు.