మెకానిక్ కూలి బిల్లులో కనబడాలి

సూరత్‌లోని లింబాయత్, ఉధ్నా ప్రాంతాల్లో స్కూటర్లు, జనరేటర్లు, నీటి పంపులు బాగుచేసే చిన్న షాపులు అడుగడుగునా ఉంటాయి. మగ్గాల పని మీద తెలంగాణ జిల్లాల నుంచి వచ్చి స్థిరపడిన మనవాళ్లు ఎందరికో బండి ఆగితే దిక్కు ఈ షాపులే. ఇలాంటి షాపుల్లో లేబర్ చార్జీ తేల్చే తీరు సాధారణంగా ఒకటే. మెకానిక్ తన పనికి తక్కువ చెబుతాడు, ఆ లోటును స్పేర్ పార్టుల మీద వచ్చే మిగులుతో పూడ్చుకుంటాడు. చౌకగా అనిపించే ఈ పద్ధతి వల్ల చివరికి ఇద్దరూ నష్టపోతున్నారు. పనికెంతో, పార్టుకెంతో వేర్వేరుగా ముందే చెప్పే అలవాటు రావాలి. అందుకు లేబర్ కాస్త ఎక్కువైనా ఇవ్వడానికి మనమూ సిద్ధపడాలి.

ఒక ఊహాలెక్క వేసి చూద్దాం. షాపు అద్దె, కరెంటు, పనిముట్లు, హెల్పర్ జీతం, యజమాని ఇంటి ఖర్చు కలిపి నెలకు 52,000 రూపాయలు కావాలనుకుందాం. నెలకు 26 రోజులు, రోజుకు 10 గంటలు షాపు తెరిస్తే 260 గంటలు. ఈ లెక్కన గంటకు 200 వస్తే చాలనిపిస్తుంది. కానీ అన్ని గంటలకూ డబ్బు రాదు. పార్టు కోసం బజారుకు వెళ్లిరావడం, లోపం ఎక్కడుందో వెతకడం, బాగుచేసిన బండి మళ్లీ మొరాయిస్తే ఉచితంగా చూడటం, గిరాకీ లేక ఖాళీగా కూర్చోవడం, వీటికే చాలా గంటలు పోతాయి. సగం గంటలకే డబ్బు వస్తే గంటకు 400 పడాలి. పక్క షాపు ఎంత తీసుకుంటోందో చూసి రేటు చెప్పే మెకానిక్ ఈ సగాన్ని లెక్కలోకే తీసుకోడు.

స్టార్ట్ కాని పాత స్కూటర్‌నే చూడండి. మెకానిక్ ముందు ప్లగ్గు విప్పి, ఇంజన్‌కు ఆనించి, కిక్ కొట్టి నిప్పురవ్వ వస్తోందో లేదో చూస్తాడు. తర్వాత పెట్రోలు అందుతోందా అని చూస్తాడు. కార్బొరేటర్ విప్పితే, నిలవ పెట్రోలు జిగురు పట్టి సన్నని జెట్టు మూసుకుపోయి ఉంటుంది. శుభ్రం చేసి గాలి కొడితే బండి లేస్తుంది. పార్టు ఒక్కటీ మారలేదు కాబట్టి, గాలి కొట్టినందుకు ఇంత డబ్బా అంటాం. అదే కార్బొరేటర్ మొత్తం మార్చి బిల్లు వేస్తే మారుమాట లేకుండా ఇచ్చేస్తాం. నేర్పుకు డబ్బివ్వకుండా వస్తువుకే ఇస్తే, బాగుచేయడం కంటే మార్చడమే లాభమని మెకానిక్‌కు మనమే నేర్పినట్టు. 2020 ఏప్రిల్‌లో బీఎస్‌-6 కాలుష్య నిబంధనలు వచ్చాక చాలా కొత్త ద్విచక్ర వాహనాల్లో కార్బొరేటర్ పోయి ఫ్యూయల్ ఇంజెక్షన్ వచ్చింది. వీటిని బాగుచేయాలంటే మెకానిక్ స్కానర్ కొనాలి, అది చూపే కోడ్‌ను అర్థం చేసుకోవాలి. ఆ ఖర్చు ఏ పార్టు ధరలో దాచగలరు?

వానాకాలంలో మీఠీ ఖాడీ వాగు పొంగి లింబాయత్ వీధుల్లోకి నీళ్లొచ్చినప్పుడు పనికి విడిగా డబ్బివ్వాల్సిన అవసరం మరీ స్పష్టమవుతుంది. సిలిండర్‌లోకి నీళ్లు వెళ్లిన బండికి సెల్ఫ్ కొడితే కనెక్టింగ్ రాడ్ వంగిపోవచ్చు. ముందు ప్లగ్గు తీసి నీళ్లు వెళ్లగొట్టాలి, ఆయిల్ మార్చాలి, ఎయిర్ ఫిల్టర్ చూడాలి. ఇందులో పార్టులు తక్కువ, ఒళ్లు వంచే పని ఎక్కువ.

గంటల లెక్క పెడితే మెల్లగా పనిచేసేవాడికే లాభం కదా అనవచ్చు. నిజమే, అందుకే గిరాకీ చేతిలో గడియారం పెట్టమని నేననడం లేదు. ఫలానా పనికి మామూలుగా పట్టే సమయాన్ని బట్టి ఒక రేటు కట్టి, దాన్ని గోడ మీద రాయాలి. చురుకైనవాడు ముందే ముగిస్తే ఆ మిగులు అతనిదే. విప్పకుండా ఎంతవుతుందో చెప్పలేమన్న మాటా న్యాయమైనదే. దానికి విప్పి చూసే చార్జీ వేరుగా పెట్టాలి, అక్కడే బాగుచేయిస్తే దాన్ని బిల్లులో తగ్గించాలి. ఇక మీటరు లెక్కన కూలి తీసుకునే మగ్గం కార్మికుడు ఇంత లేబర్ ఎక్కడ తెస్తాడన్నది బరువైన ప్రశ్న. కానీ పార్టులో దాచినా చెల్లించేది అతనే. కరెంటు పోయి మగ్గం ఆగిన గంటకు కూలి రాకపోతే ఎలా ఉంటుందో అతనికి తెలిసినంతగా ఎవరికి తెలుసు?

జీఎస్టీ రిజిస్ట్రేషన్ లేదు కాబట్టి బిల్లు ఇవ్వనక్కర్లేదని కొందరు షాపువాళ్లు అనుకుంటారు. అది పొరపాటు. చేసిన సేవకు బిల్లు ఇవ్వకపోవడాన్ని 2019 వినియోగదారుల రక్షణ చట్టం అనుచిత వ్యాపార పద్ధతుల్లో చేర్చింది. చిన్న రసీదు పుస్తకం చాలు. ఈసారి బండి ఆగినప్పుడు పార్టు ధరతో పాటు పని ధర కూడా వేరుగా అడగండి, రెండూ రాయించుకోండి. మెకానిక్ చెప్పిన కూలి న్యాయంగా ఉంటే బేరమాడకుండా ఇవ్వండి.