బెరుకు పిల్లకు చిన్న జత

చుట్టాలొస్తే చాలు, నాలుగేళ్ల పిల్లను హాల్లోకి లాక్కొచ్చి ‘అంకుల్‌కి రైమ్ చెప్పమ్మా’ అనడం మన ఇళ్లలో తప్పని తంతు. పిల్ల అమ్మ కొంగు చాటుకు వెళ్లగానే ‘దీనికి సిగ్గెక్కువండీ’ అని అందరి ముందూ ముద్ర వేసేస్తాం. నా లెక్కలో బెరుకుకు మంచి మందు తగిన ఆట జత. అమెరికన్ మనస్తత్వ శాస్త్రవేత్తలు ఫర్మన్, రాహే, హార్టప్ 1979లో ప్రచురించిన పరిశోధన ఇదే చెబుతుంది. తోటివారితో కలవని 24 మంది చిన్నారుల్లో కొందరిని ఈడువాళ్లతో, కొందరిని ఏడాదికి పైగా చిన్నవాళ్లతో ఇద్దరిద్దరిగా ఆడుకోనిచ్చారు. మిగతావారికి జత ఇవ్వలేదు. తర్వాత తరగతిలో బాగా కలిసిపోయింది చిన్నవాళ్లతో ఆడినవారే. తనకంటే చిన్నవాళ్ల దగ్గర ఆట మొదలుపెట్టేదీ, నడిపేదీ తనే కదా! మూడు నుంచి ఆరేళ్ల పిల్లలు కలిసి కూర్చునే అంగన్‌వాడీకి ఈ వసతి సహజంగానే ఉంది. నర్సరీ, ఎల్‌కేజీ, యూకేజీ అని వయసుల వారీగా గదులు కట్టిన ప్రైవేటు బడులు దాన్ని చేజార్చుకున్నాయి. వారానికో పూటైనా ఆ పిల్లలందరినీ కలిపి ఆడించాలి. ఇంట్లోనైతే పక్కింటి చిన్నదాన్ని పిలిచి, లక్కపిడతలు ముందు పెట్టి, పెద్దలు పక్కకు తప్పుకోవాలి. ఎవరైనా పేరడిగితే పిల్ల బదులు మనమే చెప్పేయకుండా కాసేపు ఆగాలి. ఇంట్లో గలగలా మాట్లాడుతూ, బడిలో చేరి నెలలు గడిచినా అక్కడ పెదవి విప్పకపోతే మాత్రం నిపుణులకు చూపించాలి. మిగతా బెరుకు చాలావరకు స్వభావమే; దాన్ని నలుగురిలో నిలబెట్టి పరీక్షించే హక్కు మనకు లేదు.