ముంగిలియు పెరడును

ఇటీవల మన పట్టణములలో ఇల్లు కట్టుకొనువారు పెక్కురు, గోడలకు రంగులు వేయుట ముగిసినంతనే, ముంగిటను పెరటను గోడ నుండి గోడ వరకు సిమెంటు పోయించుటయో, టైల్సు పరపించుటయో చేయుచున్నారు. బురద యుండదు, పాములు చేరవు, ఊడ్చుకొనుట సులభము అని వారు చెప్పు కారణములు. వీనిని మేము త్రోసిపుచ్చము. వానకాలమున బురదకాళ్లతో ఇంటిలోనికి పరుగెత్తు పిల్లల వెనుక గుడ్డ పట్టుకొని తిరుగు తల్లుల శ్రమ చిన్నది కాదు. అయినను ఆ శ్రమకు సిమెంటు తగిన మందు కాదని మా యభిప్రాయము.

విద్యార్థులు ఒక లెక్క వేసి చూతురు గాక. చదరపు మీటరు నేలపై ఒక మిల్లీమీటరు వాన పడినచో అది ఒక లీటరు నీరు. 100 చదరపు మీటర్ల డాబాపై 50 మిల్లీమీటర్ల వాన కురిసినచో 5,000 లీటర్లు. 15 లీటర్లు పట్టు బిందెతో మోసినచో మూడువందల బిందెలకు మించును. ఇంకుటకు జానెడు మన్నైనను లేనిచో ఈ నీరంతయు గేటు దాటి వీధిలో పడును. వీధి నుండి పల్లపు టింటికి పోవును. మన ముంగిలి పొడిగా నున్నదని మనము సంతోషించు వేళ, వీధి చివరనున్న యిల్లాలు గడప దాటి వచ్చిన నీటిని చెంబుతో తోడుచుండును. 2020 అక్టోబరులో హైదరాబాదు మునిగినప్పుడు చెరువులును నాలాలును కబ్జా యగుటయే కారణమని అందరును అనిరి. అది నిజమే. కాని ఆ నాలాలలోనికి ఒక్క గడియలో అంత నీటిని త్రోసినవానిలో మన సిమెంటు ముంగిళ్లకును వంతు కలదు గదా!

గోదావరి జిల్లాల మండువా లోగిళ్లను చూచినవారు ఇది గ్రహింతురు. నడుమ ఆకాశమునకు తెరచిన చోటు, దాని వైపు నలుదెసల నుండి వాలిన పెంకుటి కప్పు, పడిన నీరు పోవుటకు తూము. నీటికి త్రోవ ఏర్పరచిన తరువాతనే వారు గదులను కట్టిరి. పాతదంతయు మేలని మేము చెప్పము. ఆ యిండ్లలో చీకటి గదులును కలవు. నీటి విషయమున మాత్రము వారి బుద్ధి మెచ్చదగినది.

కావున మేస్త్రీని పిలుచుటకు ముందు ఒక గట్టి వానను నిలిచి చూడవలెను. నీరు ఎక్కడ పడుచున్నది, ఎటు పారుచున్నది, ఎక్కడ నిలుచుచున్నది అను చోట్ల పుల్లలు పాతవలెను. పెక్కు ఇండ్లలో బురద కంతటికి డాబా నుండి దిగు ఒక్క గొట్టమే కారణమై యుండును. ఆ గొట్టపు నీటిని రాళ్లు, కంకర, ఇసుక వరుసగా నింపిన ఇంకుడు గుంతకు మరల్చినచో సగము బాధ తీరును. గుంత పునాదికిని సెప్టిక్ ట్యాంకుకును దూరముగా నుండవలెను. నల్లరేగడి నేలలో మరింత జాగ్రత్త కావలెను. ఆ మన్ను తడిసి ఉబ్బి, ఎండి కుంచించుకొని గోడలను బీటలు వారించును. కావున అచట గోడ ప్రక్కన నీరు నిలువనీయక నేలను బయటికి వాలుగా దిద్దవలెను.

నడచు చోట మాత్రము రాళ్లు పరచి, నడుమ సందులలో గడ్డి పెరుగనిచ్చిన చాలును. కారు నిలుపుటకు చక్రములు పోవు రెండు బద్దలు చాలవా? స్నానపు నీరు పారు చోట అరటి వేసినచో ఆ నీరు వృథా కాదు. పడమటి యెండకు వేప మంచిది. రావియు మఱ్ఱియు గోడల దరికి రానీయరాదు. మునగకొమ్మ పెళుసు, పిల్లలు ఎక్కు చోట వలదు. ఇక పాముల మాట: అవి వచ్చునది మన్నును చూచి కాదు, మూలను పడియున్న ఇటుకల కుప్పలలోని ఎలుకల కొరకు. డెంగీ దోమకు పూలకుండీ క్రింది పళ్లెములోని నీరు చాలును. గ్రుడ్డు దోమ యగుటకు ఇంచుమించు వారము పట్టును గనుక ఆ పళ్లెములను వారమున కొకసారి తప్పక బోర్లించవలెను. ఈ పని పిల్లలది.

2002లో వచ్చిన నీరు, భూమి, చెట్ల చట్టములో ఇండ్లయందు వాననీటిని ఇంకించు కట్టడములను గూర్చి నిబంధన కలదు. చాలచోట్ల అది ప్లాను కాగితముపై గీతగా మాత్రమే మిగిలినది.

ఇదివరకే టైల్సు పరచినవారు అంతయు పగులగొట్ట నక్కరలేదు. ప్రహరీ గోడ వెంబడి రెండడుగుల వెడల్పున ఒక వరుస తీసి, క్రింది సిమెంటును కూడ మన్ను తగులువరకు కొట్టించి, ఎరువు కలిపిన మట్టి నింపి, కరివేప, మందార, మల్లె నాటవచ్చును. ఒక కూలి రెండు దినములలో చేయు పని యిది. జూన్ వానలకు ముందే ముగించుట మేలు.