బ్యాటరీ నూరు శాతమా? నీటిచుక్కను అడగండి!

అంకె కనబడితే చాలు, మనకు నమ్మకం కుదిరిపోతుంది. ఎవరైనా "బాగానే ఉంది" అంటే "నీకెలా తెలుసు?" అని ఎదురుప్రశ్న వేస్తాం. "87 శాతం ఉంది" అంటే మాత్రం మారుమాట్లాడం. అంకెలకు తల వంచడమే శాస్త్రీయ దృష్టి అని కొందరి అభిప్రాయం. నేను ఒప్పుకోను. ఈ అంకె ఎక్కడి నుంచి వచ్చింది, ఎలా కొలిచారు అని అడగడం శాస్త్రీయ దృష్టి.

ఇందుకు మంచి ఉదాహరణ ఒకటుంది. నీటి కారుడును పసిగట్టే చిన్న పరికరాలు ఇప్పుడు కొన్ని ఇళ్ళలోకి వస్తున్నాయి. వీటిని లీక్ సెన్సర్లు అంటారు. అరచేతిలో ఇమిడే ఈ బిళ్ళను వంటగదిలో సింకు కిందనో, వాషింగ్ మెషీన్ పక్కనో నేలమీద ఉంచుతారు. దాని అడుగున రెండు లోహపు మొనలుంటాయి. నేల పొడిగా ఉన్నంతకాలం వాటి మధ్య విద్యుత్తు ప్రవహించదు. నీరు చేరిందా, అందులో కరిగి ఉన్న లవణాల మూలంగా వలయం పూర్తవుతుంది. వెంటనే పరికరం రేడియో తరంగాల ద్వారా కబురు పంపుతుంది, ఇంటివారి ఫోను మోగుతుంది. పరికరంలోని బ్యాటరీ ఎంత మిగిలిందో కూడా ఆ ఫోనులోనే శాతాల్లో కనిపిస్తుంది.

చిక్కు ఇక్కడే ఉంది. నిన్న 100 శాతం చూపిన సెన్సరు నేడు మూగబోవచ్చు. కొత్త బ్యాటరీ వేసినా 50 శాతమే చూపవచ్చు. ఒక్కొక్కప్పుడు 200 శాతం అని కూడా చూపుతుంది! ఇంటిల్లిపాదీ ఊరెళ్ళినప్పుడు గొట్టం పగిలితే, ఫోనులోని "100 శాతం" ఇంటిని కాపాడలేదు.

అసలు ఈ శాతం ఎలా పుడుతుంది? ఇలాంటి పరికరాలు సాధారణంగా బ్యాటరీలో మిగిలిన విద్యుదావేశాన్ని కొలవవు. వోల్టేజిని మాత్రమే కొలిచి, దాన్నిబట్టి శాతాన్ని అంచనా వేస్తాయి. వంటగ్యాసు సంగతి చూడండి. పొయ్యి మీది మంటను చూసి సిలిండరులో గ్యాసు ఎంతుందో చెప్పగలరా? దాదాపు చివరిదాకా మంట ఒకే తీరుగా ఉంటుంది, ఆపైన చటుక్కున ఆరిపోతుంది. లిథియం బటన్ సెల్ స్వభావం కూడా ఇదే.

చాలా సెన్సర్లలో వాడే సి.ఆర్. 2032 అనే సెల్‌ను తీసుకుందాం. ఆ పేరులోనే దాని కొలతలున్నాయి: వ్యాసం 20 మిల్లీమీటర్లు, మందం 3.2 మిల్లీమీటర్లు. వోల్టేజి 3 వోల్టులు, సామర్థ్యం సుమారు 220 మిల్లీ ఆంపియర్ గంటలు. సెన్సరు నిద్రావస్థలో 10 మైక్రో ఆంపియర్లు వాడుతుందనుకుంటే, 220ని 0.01తో భాగించండి. 22,000 గంటలు, అంటే రెండున్నర సంవత్సరాలు! ఈ కాలంలో చాలాభాగం వోల్టేజి 3కు దగ్గరగానే నిలిచి ఉంటుంది.

కాని కబురు పంపే క్షణంలో ప్రవాహం వెయ్యి రెట్లకు పైగా పెరుగుతుంది. ఇప్పుడు మీరు తరగతిలో నేర్చుకున్న ఓమ్ నియమాన్ని వాడండి. ప్రవాహం 15 మిల్లీ ఆంపియర్లనీ, కొత్త సెల్ అంతర్నిరోధం 20 ఓములనీ అనుకుందాం. లోపల తగ్గే వోల్టేజి 0.3. బయటికి 2.7 వోల్టులు అందుతాయి, పని జరుగుతుంది. సెల్ వాడకంలో అరిగే కొద్దీ అంతర్నిరోధం పెరుగుతుంది. అది 60 ఓములైతే తగ్గుదల 0.9. విశ్రాంతిలో 2.9 వోల్టులు చూపిన సెల్, పని చెప్పేసరికి 2 వోల్టులకు జారిపోతుంది. పరికరం నోరు మెదపలేదు. చలికి రసాయన చర్య మందగించి ఈ నిరోధం ఇంకా పెరుగుతుంది. రాత్రి "తక్కువ" అన్న సెన్సరు మధ్యాహ్నం "నిండుగా" అనడానికి కారణం ఇదే.

మరి 200 శాతం మాటేమిటి? జిగ్‌బీ అనే రేడియో పద్ధతిలో బ్యాటరీని అరశాతం ప్రమాణంలో లెక్కిస్తారు. నిండు బ్యాటరీకి పంపే అంకె 200. అందుకునే సాఫ్ట్‌వేర్ దాన్ని సగం చెయ్యాలి. మరిస్తే 200 శాతమంటుంది. పరికరమే నియమం తప్పి 100 పంపితే, సాఫ్ట్‌వేర్ సగం చేసి 50 అంటుంది. బ్యాటరీలో ఏ దోషమూ లేదు, ప్రమాణం దగ్గర పొరపాటు జరిగింది. ప్రమాణం రాయకపోతే మేము మార్కులు ఎందుకు తగ్గిస్తామో ఇప్పుడు తెలిసిందా?

ఇంకో సంగతి. రెండు మామూలు సెల్స్ వాడే సెన్సర్లలో కొందరు రీచార్జి సెల్స్ వేస్తారు. వాటి వోల్టేజి ఒక్కొక్కటి 1.2 మాత్రమే, మామూలు వాటిది 1.5. రెండు కలిపితే 3కు బదులు 2.4. నిండు సెల్స్ వేసినా పరికరం "అయిపోవచ్చింది" అంటుంది.

అన్నిటికన్నా ప్రమాదకరమైనది పాతబడిన అంకె. సెన్సరు ఎప్పుడో గాని కబురు పంపదు. అది పూర్తిగా ఆగిపోయినా, చివరిసారి పంపిన అంకెనే ఫోను చూపిస్తూ ఉండవచ్చు. అందుకే శాతం కన్నా ముందు, ఆ అంకె ఏ రోజు, ఏ వేళ వచ్చిందో చూడాలి. శాతంతో పాటు వోల్టేజినీ, అది కొలిచిన సమయాన్నీ చూపించడం తయారీదారుల బాధ్యత అని నా అభిప్రాయం. ఒక్క అంకె చూపి నిశ్చింతగా ఉండమనడం సబబు కాదు.

మీ ఇంట్లో గాని, బంధువుల ఇంట్లో గాని ఇలాంటి సెన్సరు ఉంటే నెలకొకసారి ఈ పరీక్ష చెయ్యండి. తడిగుడ్డను రెండు మొనలకూ తాకించండి. ఫోను మోగిందా? మోగితే మొనలు, సెల్, రేడియో అన్నీ ఆ క్షణాన పనిచేస్తున్నట్లే. మోగకపోతే వరుసగా చూడండి: చివరి కబురు ఎప్పటిది? సెల్ తాకే లోహపు రేకులు మాసి ఉన్నాయా? సరైన రకం సెల్ వేశారా? కొత్త సెల్ వేశాక పరికరం మీది మీట నొక్కి దాన్ని నిద్రలేపారా? ఎయిర్ కండిషనర్ కింద పెట్టిన సెన్సరును అక్కడ కారే నీటితోనే పరీక్షించండి. అందులో లవణాలు చాలా తక్కువ కాబట్టి కుళాయి నీరంత బాగా విద్యుత్తును ప్రసరింపనీయదు.

ఒక హెచ్చరిక. తీసేసిన బటన్ సెల్‌ను పసిపిల్లలకు అందనీయకండి. మింగితే రెండు గంటల్లోనే అన్నవాహికను కాల్చివేయగలదు. క్షణం ఆలస్యం చెయ్యకుండా ఆస్పత్రికి తీసుకెళ్ళాలి.

సెన్సరు మోగలేదంటే నేల పొడిగా ఉందని అర్థం కావచ్చు, సెన్సరు చచ్చిపోయిందనీ కావచ్చు. ఈ రెంటిలో ఏది నిజమో ఫోనులోని శాతం చెప్పదు. ఒక నీటిచుక్క చెబుతుంది.