కార్డు గీకితే నూటికి రెండు

గణపవరం సెంటర్లో ఫ్రిజ్జు కొన్నా, తాడేపల్లిగూడెంలో పెళ్లిబట్టలు తీసినా, ఏలూరులో కాసు బంగారం కొన్నా చాలా షాపుల్లో చివరికి వినబడే మాట ఒకటుంది. బేరం తెగి, బిల్లు రాసి, కొన్నాయన జేబులోంచి కార్డు తీసేదాకా ఆ మాట బయటికి రాదు. తీశాక మాత్రం కౌంటరు మీది కుర్రాడు ఎంతో మర్యాదగా అంటాడు. ‘‘కార్డయితే టూ పర్సెంట్ ఎక్స్‌ట్రా పడుద్దండీ. క్యాషుంటే చూడండి.’’

40 వేల వస్తువు మీద నూటికి రెండంటే 800 రూపాయలు. గంటసేపు గీసి గీసి బేరమాడి తగ్గించుకున్న 500 పోయి, పైన మరో 300 ఎదురన్నమాట. మొహం చిన్నబోకుండా ఉంటుందా?

ఇంతకీ ఆ రెండు రూపాయలూ ఎవరివి? షాపాయన జేబులోకే పోతున్నాయనుకుంటే పూర్తిగా నిజం కాదు. కార్డు గీకగానే వంద రూపాయలూ వంద రూపాయలుగా ఆయన ఖాతాకి చేరవు. మిషను ఇచ్చిన బ్యాంకు, కార్డు ఇచ్చిన బ్యాంకు, మధ్యలో దారి చూపించే వీసా, మాస్టర్‌కార్డ్ లాంటి సంస్థలు తలా కాస్త తుంచుకుంటాయి. దీన్నే ఎమ్‌డీఆర్ అంటారు. ఆ రుసుము మీద మళ్లీ 18 శాతం జీఎస్టీ. అంటే నూటికి రెండు చొప్పున కోసే బ్యాంకయితే 40 వేల మీద 800 రుసుము, 144 పన్ను, వెరసి 944 రూపాయలు. బిల్లు పక్కాగా రాసే వ్యాపారి ఆ పన్నును తర్వాత సర్దుబాటు చేసుకోవచ్చు గానీ, రుసుము మాత్రం పోయినట్టే. తక్కువ లాభంతో సెల్‌ఫోన్లో, ఎరువుల బస్తాలో అమ్ముకునే మనిషికి ఇది చిన్న దెబ్బేం కాదు.

నిజానికి కొల్లేటి చుట్టుపక్కల వాళ్లకి రెండు ధరల సంగతి కొత్తేమీ కాదు. చేపల చెరువులకి తవుడు, చెక్క, మేత బస్తాలు తోలే కొట్లలో రొక్కానికో రేటు, పట్టుబడి దాకా ఆగితే ఇంకో రేటు. చేప పెరిగి, లారీ ఎక్కి, డబ్బు చేతికొచ్చేదాకా కొట్టాయన సొమ్ము రైతు చెరువులో ఉంటుంది కాబట్టి ఆ తేడా ఇవ్వాల్సిందేనని రైతూ ఒప్పుకుంటాడు. పోట్లాడితే ఎంతన్న దాని మీద పోట్లాడతాడు గానీ, ఎందుకని అడగడు. ఎందుకంటే మొదటి బస్తా దిగకముందే రెండు రేట్లూ చెప్పేస్తారు.

క్రెడిట్ కార్డు కూడా అరువే. కాకపోతే ఇక్కడ అరువిచ్చేది బ్యాంకు. నలభై, యాభై రోజుల దాకా వడ్డీ లేకుండా వాడుకోమంటుంది. పైగా పాయింట్లిస్తుంది, క్యాష్‌బ్యాక్ అంటుంది. పుణ్యానికి ఎవరిస్తారండీ? షాపాయన దగ్గర కోసిన రుసుములోంచే అందులో చాలా భాగం వస్తుంది. ఆయన ఆ రెండు శాతం విడిగా అడగలేదనుకోండి, అన్ని వస్తువుల ధరల్లో కలిపేస్తాడు. అప్పుడేమవుతుంది? రోజుకూలి డబ్బులతో సబ్బు కొనుక్కున్న ఆడమనిషి, పొరుగున ఉద్యోగస్తుడికి వచ్చే పాయింట్లకి తన వంతు చెల్లించినట్టే. ఆమెకి కార్డూ లేదు, పాయింట్లూ లేవు. ఈ లెక్కన చూస్తే విడిగా అడిగే షాపాయనే నయం.

అయితే అదే నోటితో డెబిట్ కార్డుకీ నూటికి రెండు అడిగితే మాత్రం ఆ నయం కాస్తా గంగలో కలిసినట్టే. డెబిట్ కార్డులో ఉన్నది మన సొంత డబ్బు. డెబిట్ కార్డు వాడిన వాళ్ల దగ్గర అదనంగా వసూలు చేయడం సమర్థనీయం కాదనీ, అలాంటి షాపులతో బ్యాంకులు సంబంధం తెంచుకోవాలనీ రిజర్వు బ్యాంకు 2013 సెప్టెంబరులోనే సర్క్యులర్ ఇచ్చింది. 2018 జనవరి నుంచి 20 లక్షల లోపు టర్నోవరున్న చిన్న వ్యాపారుల దగ్గర డెబిట్ కార్డు రుసుము 0.40 శాతం, పెద్దవాళ్లయితే 0.90 శాతం మించకూడదని గీత గీసింది. 2020 జనవరి నుంచి రూపే డెబిట్ కార్డు మీదా, ఖాతాలోంచి నేరుగా పోయే యూపీఐ మీదా వ్యాపారికి ఎమ్‌డీఆర్ అసలు లేదు. మరి ఎవరి కోసం ఆ రెండు శాతం? అది బ్యాంకు గుమ్మం తొక్కదు. తిన్నగా గల్లాపెట్టెలోకే.

క్రెడిట్ కార్డు దగ్గరే పేచీ. దాని రుసుముకి రిజర్వు బ్యాంకు పైహద్దు పెట్టలేదు. బ్యాంకూ షాపూ ఎంతకి ఒప్పుకుంటే అంత. ఆ కోత ఎంత నొప్పో పెట్రోలు బంకులు ఓసారి దేశమంతా చూపించాయి. 2016 నవంబరులో పెద్దనోట్లు రద్దయ్యాక, కార్డుతో పెట్రోలు కొట్టించుకుంటే 0.75 శాతం తగ్గిస్తామని ప్రభుత్వం ఆశపెట్టింది. నెల తిరక్కుండానే 2017 జనవరిలో కొన్ని బ్యాంకులు బంకుల దగ్గర 1 శాతం దాకా రుసుము కోస్తామన్నాయి. లీటరుకి ఇంతని కమీషన్ కట్టేసి ఉన్న డీలర్లు, అయితే కార్డులే తీసుకోమని తెగేసి చెప్పారు. రాత్రికి రాత్రి బ్యాంకులు వెనక్కి తగ్గాయి. ఆ భారం కొనేవాళ్ల మీదా బంకుల మీదా పడదని ప్రభుత్వం చెప్పాల్సొచ్చింది. క్రెడిట్ కార్డుకిచ్చే తగ్గింపు మాత్రం 2019 అక్టోబరులో ఆగిపోయింది.

బ్యాంకులు దిగొచ్చింది బంకులన్నీ ఒక్క మాట మీద నిలబడ్డాయి కాబట్టి. గణపవరంలో ఒంటరిగా ఫ్రిజ్జులమ్ముకునే ఆయన మాట ఏ బ్యాంకు వింటుంది? అందుకే ఆయన మనవైపు తిరుగుతాడు.

పిల్లల్ని చూడ్డానికి న్యూజెర్సీ వెళ్లొచ్చిన పెద్దవాళ్లని అడగండి. అక్కడి చాలా బంకుల బోర్డు మీద క్యాష్ ధర ఒకటి, క్రెడిట్ ధర ఒకటి పక్కపక్కనే ఉంటాయి. పక్కనున్న న్యూయార్క్ రాష్ట్రం 2024 ఫిబ్రవరి నుంచి, కార్డుకి ఎక్కువ తీసుకునే షాపు ఆ మొత్తం ధరని ముందే రాసి పెట్టాలని చట్టం తెచ్చింది. బ్రిటన్ అయితే 2018 జనవరిలో మామూలు కొనుగోలుదార్ల కార్డుల మీద ఈ వసూళ్లనే నిషేధించింది. అక్కడి షాపులు ఆ ఖర్చుని ధరల్లో కలుపుకోక తప్పదు. సబ్బు కొన్న ఆడమనిషి లెక్క అక్కడా ఉంటుందన్నమాట.

మన దగ్గర అంతదాకా రాకపోయినా చేయగలిగింది కొంత ఉంది. బేరం మొదలెట్టక ముందే ‘‘కార్డయితే ఎంత, క్యాషయితే ఎంత?’’ అని అడగాలి. మేత కొట్లో రైతు అడిగినట్టే. అదనం అన్నప్పుడు ‘‘సరేనండీ, ఆ 800 కూడా బిల్లులో రాయండి’’ అని చూడండి. డెబిట్ కార్డు మీద వసూలు చేసే షాపయితే పెన్ను అక్కడే ఆగుతుంది. ‘‘మీరు మనోళ్లేలెండి’’ అంటూ అసలు ధరకే ఇచ్చేయడమూ కద్దు. అప్పటికీ దారికి రాకపోతే మిషనులోంచి వచ్చిన చీటీ మీద ఏ బ్యాంకు పేరుందో చూసి, ఫిర్యాదు ఆ బ్యాంకుకి పంపండి. రిజర్వు బ్యాంకు సర్క్యులర్ రాసింది షాపులకి కాదు, బ్యాంకులకే. వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915 కూడా ఉంది. ఫిర్యాదుకి చీటీ కావాలి కాబట్టి, ఇంటికెళ్లాక కూరగాయల సంచీలోనే దాన్ని వదిలేయకండి.