ఓపెన్‌కాస్టు గుంతలకూ మట్టి కుప్పలకూ దారి వేయాలి



రామగుండం ప్రాంతంలో బొగ్గుతో పాటు కోటా నీటి కట్టడాలూ అడవీ ఉన్నాయి. వాటిలో పాతది సెంటినరీ కాలనీకి దగ్గరలోని రామగిరి ఖిల్లా. కోట ఉన్న గుట్ట మీద వాన నీరు నిలిచే కొలనులున్నాయి. ఔషధ మొక్కలు చూడడానికి వృక్షశాస్త్ర విద్యార్థులు అక్కడికి వెళ్తుంటారు.

గోదావరి మీద 20.175 టీఎంసీల ఎల్లంపల్లి జలాశయం ఉంది. దాని ఒడ్డున ముర్మూరు నుంచి 2015లో హైదరాబాద్‌కు తాగునీరు మొదలైంది. 1908 మూసీ వరద తర్వాత కట్టిన గండిపేట (1920), హిమాయత్‌సాగర్ (1927) జలాశయాలు నగరానికి చాలలేదు. సెలవు రోజున గండిపేట కట్ట మీదికీ, ఆ దాపునే చిలుకూరు మృగవని జాతీయవనానికీ జనం బయల్దేరతారు. ముర్మూరు పేరు మాత్రం ఆ నీళ్లు తాగేవాళ్లలో ఎందరికి తెలుసో! ఇక రామగుండం ఎన్టీపీసీ విద్యుత్ కేంద్రం జలాశయం మీద 2022 నుంచి 100 మెగావాట్ల సోలార్ పలకలు తేలుతున్నాయి.

చూడదగ్గ చోట్లు ఇన్ని ఉన్నా, అసలు చర్చ జరగాల్సింది ఓపెన్‌కాస్టు గనుల గురించి. బొగ్గు పొర మీది మట్టినీ రాయినీ తవ్వి పోస్తే ఆ కుప్పలు గుట్టలవుతాయి. వాలు నిటారుగా వదిలేస్తే వానకు మట్టి జారి వాగుల్లో, పొలాల్లో పడుతుంది. అందుకని కుప్పను మెట్లు మెట్లుగా దిద్ది, అడుగున చుట్టూ కాలువ తీసి, పైమన్ను పరిచి మొక్కలు నాటుతారు. వేర్లు పట్టుకుంటే కుప్ప నిలబడుతుంది. తవ్వకం ఆగిన గుంతలో ఊట నీరు, వాన నీరు చేరుతాయి. గని నీటిని తోడి, ఫిల్టర్‌బెడ్‌లో శుద్ధి చేసి కాలనీలకు ఇవ్వడం ఇక్కడి గనులు నడిపే సింగరేణి సంస్థకు తెలిసిన పనే.

ఈ కుప్పలకూ గుంతలకూ జనం వెళ్లేలా దారి వేయాలి. అవి ప్రమాదకరమైన చోట్లు, జనాన్ని రానివ్వకూడదనే వాదన ఉంది. అది కొట్టిపారేయాల్సింది కాదు: గుంతల అంచులు విరుగుతాయి, మిగిలిన బొగ్గు తనంతట తానే అంటుకుంటుంది. కానీ కంచె ఒక్కటే దానికి జవాబు కాదు. జర్మనీలోని సెన్ఫ్టెన్‌బర్గ్ దగ్గర పాత లిగ్నైట్ గనిని 1967 నుంచి 1972 దాకా నీటితో నింపి, 1973లో ప్రజలకు తెరిచారు. గట్టిపడిన కుప్ప మీద నడక దారి, గుంతకు దూరంగా రెయిలింగు వెనక చూసే చోటు ఇక్కడా సాధ్యమే.

కేంద్ర బొగ్గు శాఖ మార్గదర్శకాల ప్రకారం ప్రతి గనికీ మూసివేత ప్రణాళిక ఉండాలి, దానికి ఎస్క్రో ఖాతాలో డబ్బు జమ చేయాలి. ఎన్ని మొక్కలు నాటాలన్న లెక్కతో పాటు దారి, కాపలా, నీటి పరీక్షలు, గని మూతపడ్డాక బాధ్యత ఎవరిదన్నదీ ఆ ప్రణాళికలో రాయాలి. సింగరేణి, రామగుండం కార్పొరేషన్, అటవీ శాఖ కలిసి ముందుగా ఒక కుప్పనూ ఒక గుంతనూ ఎంచుకుని, కార్మిక కుటుంబాల అభిప్రాయం తీసుకుని పని మొదలుపెట్టాలి.

– ఒక పాఠకుడు, గోదావరిఖని