సుగ్గికి వెళ్లే కుటుంబాల వెంట వైద్యమూ వెళ్లాలి



కర్నూలు జిల్లా పశ్చిమాన కోసిగి, కౌతాళం, పెద్దకడుబూరు, మంత్రాలయం మండలాలలో 'సుగ్గి' అన్న మాట తెలియనివారు ఉండరు. వానను నమ్ముకున్న సేద్యం ముగిసి, ఊరిలో పని కరువైనప్పుడు పిల్లాపాపలతో గుంటూరు వైపు మిరప కోతలకు తరలిపోవడమే సుగ్గి. చాలామంది మళ్లీ ఇల్లు చేరేది ఉగాది నాటికే.

ప్రభుత్వ వైద్యం ఉచితమే కదా, ఇక వీరికి లోటేమిటని మీరు అడగవచ్చు. 2007లో ఆరోగ్యశ్రీ ప్రారంభమైన తరువాత పేదవారికి పెద్ద శస్త్రచికిత్సలు సైతం అందుబాటులోకి వచ్చిన మాట వాస్తవం. అయితే బిడ్డకు టీకా, గర్భిణికి పరీక్ష, క్షయరోగికి మందు అనేవి ఒక్కనాటితో ముగిసేవి కావు. వాటిని గుర్తుంచుకొని ఇంటికి వచ్చి పిలిచేది ఊరి ఆశా కార్యకర్త. పేరు ఆమె పుస్తకంలో ఉంటుంది. మనిషి జిల్లాలు దాటి, పొలం గట్టున పట్టా గుడిసెలో ఉంటాడు.

ఫలితమేమిటో ఆలోచించండి. తట్టు, రుబెల్లా టీకా మొదటి మోతాదు తొమ్మిది నెలలు నిండగానే వేయాలి. ఆ నెల సుగ్గిలో గడిచిపోతే బిడ్డకు రక్షణ ఆలస్యమవుతుంది. సాధారణ క్షయకు ఆరు నెలల చికిత్స అవసరం. నడుమ మందు ఆగితే వ్యాధి తిరగబెట్టవచ్చు, మందులకు లొంగని రూపమూ దాల్చవచ్చు.

1979 నాటి వలస కార్మికుల చట్టం రాష్ట్రం దాటి వెళ్లేవారికై చేసినది. కోసిగి నుండి గుంటూరు వెళ్లేవారు రాష్ట్రం దాటరు. అమెరికాలో 1962లోనే, పంటల వెంట తిరిగే కూలీ కుటుంబాల వైద్యశాలలకు నిధులిచ్చేందుకు ప్రత్యేక చట్టం చేశారు. కూలి మనిషి కదులుతాడు గనుక వైద్యమూ కదలాలన్నది అందులోని వివేకం.

మనకు కావలసినది కొత్త ఆస్పత్రి కాదు. ప్రయాణానికి ముందే ఊరిలో టీకాలు, రక్తహీనత పరీక్ష పూర్తిచేసి, తల్లీబిడ్డల కార్డును చేతికివ్వాలి. క్షయరోగి వివరాలను వెళ్లే చోటి ఆరోగ్య కేంద్రానికి ముందుగానే తెలియజేయాలి. కోతల కాలంలో సంచార వైద్య వాహనం వారానికొక సాయంత్రం గుడిసెల వద్దకే రావాలి. పగలు రమ్మంటే ఆ పూట కూలి పోతుంది. కూలి పోగొట్టుకొని పొందే వైద్యం ఉచితమెలా అవుతుంది?

మీరు మిరప రైతులైనా, మేస్త్రీలైనా మీ పొలానికి వచ్చినవారిలో గర్భిణులు, పసిపిల్లలు, మందు వాడుతున్నవారు ఎందరో అడిగి తెలుసుకోండి. సమీప ఆరోగ్య కార్యకర్తకు ఆ సంగతి చెప్పండి. ఆపదలో 108కి ఫోన్ చేయవచ్చని వారికి తెలపండి. మన వంటింటి కారంలో వారి శ్రమ ఉన్నది. వారి ఆరోగ్యంలో మన పాలు కొంతైనా ఉండవలదా?